దూతను పరీక్షించిన తల్లి

శ్రీమద్రామాయణమును పారాయణము చేయు గృహములలో సుందరకాండకు గల ఆదరము వేరుగా చెప్పనక్కరలేదు. హనుమంతుడు అంగుళీయకమును సమర్పించు ఘట్టము రాగానే వినువారి కన్నులు చెమర్చును. అయితే ఆ అంగుళీయకమునకు ముందు నడచిన సంభాషణమును చాలమంది వేగముగా దాటిపోవుదురు. నేటి గృహస్థులకు మిక్కిలి అక్కరకు వచ్చు భాగము అదియే.

అమ్మవారు లంకకు వచ్చి పదియవ మాసము నడచుచున్నది. రావణుడు పెట్టిన గడువులో రెండు మాసములే మిగిలినవి. స్వామివార్త ఏదియు లేదు. అట్టి సమయమున శింశుపావృక్షపు కొమ్మల నడుమనుండి రామకథ మధురముగా వినవచ్చినది. ఎండిన చేనికి వానచినుకు వంటిది ఆ మాట. మరియొకరైనచో వెంటనే నమ్మియుందురు. అమ్మవారు నమ్మలేదు. హనుమంతుడు చేరువకు వచ్చినకొలది ఆమె శంక హెచ్చినది. రావణుడే మరల వేషము మార్చి వచ్చినాడని ఆమె తలచినది. తలచి ఊరకుండక ప్రశ్నించినది. రామునితో నీకు పరిచయము ఎచ్చట కలిగినది? నరులకును వానరులకును పొత్తు ఎట్లు కుదిరినది? రామలక్ష్మణుల శరీరలక్షణములు ఎట్టివి? వచ్చినవాని నోట స్వామినామము ఉన్నది గదా యని ఆమె సరిపెట్టుకొనలేదు.

హనుమంతుడు ఈ ప్రశ్నలకు కినుక వహించెనా? నూరు యోజనముల సముద్రమును దాటి, రాత్రియంతయు లంకను గాలించి వచ్చినవాడు. నన్నే శంకింతువా యని అతడు అనలేదు. కాలము మించిపోవుచున్నది, త్వరగా నమ్ముమని తొందరపెట్టలేదు. స్వామిలక్షణములను ఆపాదమస్తకము వర్ణించెను. సుగ్రీవసఖ్యము కుదిరిన వృత్తాంతమును చెప్పెను. ఆ తరువాతనే ఉంగరమును చేతికిచ్చెను. ఉంగరము దొంగిలింపదగిన వస్తువు. అడిగినదానికెల్ల సరియైన సమాధానము చెప్పినవాడు తెచ్చినపుడే అది ఆనవాలైనది. వాల్మీకిమహర్షి ఈ క్రమమును ఊరక పాటింపలేదు.

అమ్మవారికి ఈ జాగ్రత్త ఎచ్చటినుండి వచ్చినది? పంచవటిలో కలిగిన అనుభవమునుండి వచ్చినది. అరణ్యకాండలో రావణుడు వచ్చిన వేషమును స్మరింపుడు. కాషాయవస్త్రము, శిఖ, గొడుగు, పాదుకలు, భుజమున దండకమండలువులు, నోట వేదఘోష. వీనిలో ఏ యొక్కటియు అబద్ధపు వస్తువు కాదు. కాషాయము నిజమైన కాషాయమే, వేదము నిజమైన వేదమే. వానిని ధరించినవాడు మాత్రమే వేరు. అతిథి అభ్యాగతుడని అమ్మవారు ఆసనమిచ్చి, పాద్యమిచ్చి, భోజనమునకు పిలిచినది. ఆమె ధర్మమున లోపమేమియు లేదు. ఆ ధర్మమునే మోసగాడు ద్వారముగా చేసికొనినాడు.

నేడు దేవస్థానముల పేరిట జరుగుచున్న మోసములకు రూపురేఖలు ఇవియే. సెల్‌ఫోనులో తెరచిన పుటపైన ఆనందనిలయపు బొమ్మ ఉండును. శంఖచక్రములు, తిరునామము ఉండును. సుప్రభాతము వినిపించును. గదుల ఛాయాచిత్రములు నిజమైన గదులవే. రుసుము కట్టు చోటు మాత్రము దేవస్థానమునకు చెందినది కాదు.

శ్రీవైష్ణవ గృహములలో ఈ మోసము ఇతర మోసములకంటె సులభముగా సాగుటకు ప్రత్యేకమైన కారణమున్నది. ఊర్ధ్వపుండ్రము ధరించి, గోవిందనామము పలుకుచు వచ్చినవానిని శంకించుట భాగవతాపచారమని మన పెద్దలు భయపడుదురు. ఆ భయము గొప్ప సంస్కారమే. ఫోనులో "గోవిందా" యని పలకరించిన కంఠమును నిలదీయుటకు వృద్ధులకు నోరు రాదు. శరణాగతికి మహావిశ్వాసము అంగము గదా, సందేహించినచో విశ్వాసము ఏమి కావలెనని కొందరు అడుగుదురు. ఆనుకూల్యసంకల్పము మొదలుగా చెప్పబడిన అంగములలో మహావిశ్వాసమును ఎవరియందు ఉంచవలెనని పూర్వాచార్యులు చెప్పిరి? రక్షకుడైన భగవంతునియందు. ఆయన పేరు చెప్పుకొని వచ్చిన ప్రతివానియందు కాదు. అమ్మవారికంటె స్వామియందు విశ్వాసము ఎవరికి ఎక్కువ? ఆమెయే దూతను పరీక్షించినది. పురుషకారభూతురాలైన తల్లి చేసిన పని అపచారము కాజాలదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములకు తిరుమలతో గల సంబంధము పాతది. కృష్ణాతుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల నేతగాండ్రు నియమనిష్ఠలతో నేసిన ఏరువాడ జోడుపంచెలు గద్వాల సంస్థానము పక్షమున శ్రీవారి బ్రహ్మోత్సవములకు చేరుచున్నవి. పదునొకండు గజముల పంచె, అంచున కోటకొమ్మలు. మగ్గముపై ఉన్నంతకాలము నేతవారు దీక్షలో ఉందురు. ఆ పంచెలు కొండకు చేరు త్రోవ అందరికిని తెలిసినది. నేసినది ఎవరో, పంపినది ఎవరో, ఆలయమున అందుకొనినది ఎవరో తెలియును. దారిలో కలిసిన అపరిచితుడు ఇటిమ్ము, నేను చేర్చెదననినచో ఏ నేతగాడును ఇయ్యడు. వస్త్రము విషయమున ఇంత ఎరుక గల గడ్డపై రూకల విషయమున ఎరుక తప్పుట వింతయే.

తప్పుట ఎట్లు జరుగునో కొంచెము చూడవలెను. వనపర్తి దాపున ఒక కుటుంబము మొక్కు తీర్చుకొనుటకు బయలుదేరుచున్నదనుకొందము. మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశదర్శనపు టిక్కెట్లను దేవస్థానము నెలల ముందుగానే విడుదల చేయును, అవి త్వరలోనే నిండిపోవును. కుమారుడు ఆలస్యముగా వెదకినాడు. వెదకగానే మొట్టమొదట కనబడినది ఒక ప్రకటన. రొక్కమిచ్చినవారికి ఆ మొదటి చోటు దొరకునన్న సంగతి అతనికి తెలియదు. అందులోని నంబరుకు ఫోను చేసినాడు. అవతలివాడు మర్యాదగా మాటాడి, టిక్కెట్లు అయిపోయినవనియు, విరాళపు కోటాలో ఆరు మాత్రము మిగిలినవనియు, అరగంటలో సొమ్ము పంపినచో నిలిపి ఉంచెదననియు చెప్పినాడు. ఆధార్ కార్డుల చిత్రములు కూడ తెప్పించుకొనినాడు. వాట్సాప్‌లో టిక్కెట్టు వచ్చినది. దానిపై ముద్ర ఉన్నది, గీతల గుర్తు ఉన్నది, పేర్లు తప్పు లేకుండ ఉన్నవి. ఇంటిల్లిపాదియు గద్వాలలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, కొండకు చేరి, వైకుంఠం క్యూ కాంప్లెక్సు ద్వారమువద్ద టిక్కెట్టును యంత్రమునకు చూపినపుడు అది చెల్లదని తెలిసినది. తలనీలాలు ఇచ్చిన పసివాడు తాత ముఖము వైపు చూచుచుండును. అచ్చటికి వచ్చి చెప్పుకొనువారి దుఃఖము రూకలను గూర్చినది మాత్రమే కాదు.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణమైనను జరుగుచున్నది ఇదియే. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానముల ఐ.టి. విభాగము ఫిర్యాదుపై తిరుమల వన్ టౌన్ పోలీసులు ఒక నకిలీ వెబ్‌సైటుపై కేసు నమోదు చేసిరి. అంతకు ముందే నలువది నకిలీలు బయటపడియుండెను, అది 41వది. నాటి అసలు చిరునామా "తిరుపతిబాలాజీ.ఏపీ.గవ్.ఇన్". నకిలీవాడు పెట్టుకొనినది "తిరుపతిబాలాజీ-ఏపీ-గవ్.ఆర్గ్". అక్షరములు దాదాపు అన్నియు అవియే. చుక్కలున్న చోట అడ్డగీతలు వచ్చినవి, తుదిమాట మారినది.

ఇంత చిన్న భేదమును పట్టించుకొనవలెనా యని వేదాధ్యయనము చేసినవారు అడుగరు. త్వష్టప్రజాపతి ఇంద్రుని చంపగల కుమారుడు కావలెనని హోమము చేసినాడు. "ఇంద్రశత్రుః" అను పదమును అంతోదాత్తముగా పలికినచో తత్పురుషమై ఇంద్రుని చంపువాడని అర్థమగును. అతడు ఆద్యుదాత్తముగా పలికినాడు. బహువ్రీహియై, ఇంద్రుడే తనను చంపువాడుగా గలవాడను అర్థము వచ్చినది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే హతుడైనాడు. అక్షరమొక్కటియు మారలేదు, స్వరము మాత్రమే మారినది. పాఠశాలలో ఈ కథను బాలురకు మొదటనే చెప్పుట వ్యర్థము కాదు.

ఇంగ్లీషు రానివారు కూడ ఈ చిరునామాలను పరిశీలించుటకు ఒక ఉపాయమున్నది. తత్పురుషసమాసమున ఉత్తరపదము ప్రధానము. రాజపురుషుడు వచ్చినాడనిన వచ్చినవాడు రాజు కాదు, పురుషుడు. వెబ్‌సైటు పేరు కూడ అట్టి సమాసమే. వాలుగీత వచ్చునంతవరకు ఉన్న పేరును కుడివైపునుండి ఎడమకు చదువవలెను. చివర "చుక్క గవ్ చుక్క ఇన్" అని ఉన్నచో అది ప్రభుత్వపు చిరునామా, దానిని ఇతరులు కొనుటకు వీలులేదు. చివర "ఆర్గ్" గాని "కామ్" గాని ఉన్నచో కొద్దిపాటి రొక్కమునకు ఎవరైనను పొందవచ్చును. ముందు ఎన్ని పవిత్రనామములు చేర్చినను అవి విశేషణములే. 2024 జనవరిలో దేవస్థానము తన చిరునామాను "టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్" అని మార్చుకొనినది. పాతపేరును కంఠస్థము చేసినవారు తికమకపడవచ్చును గాని తుదిపదములు మారలేదు. దేవస్థానపు యాప్‌ను కూడ ప్లే స్టోరునుండియో ఆపిల్ వారి స్టోరునుండియో తీసికొనవలెను. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలును ఫోనులో స్థాపించుట అనగా ఇంటి తాళపుచెవి అపరిచితునికి ఇచ్చుటయే. విరాళము పంపునపుడు పిన్ నొక్కుటకు ముందు అవతలి ఖాతాదారుని పేరు తెరపై కనబడును. అచ్చట దేవస్థానమునకు బదులు ఒక వ్యక్తి పేరున్నచో చేయి వెనుకకు తీయవలెను. సొమ్ము తిరిగి ఇచ్చెదము, పిన్ నొక్కుడని ఎవరైన చెప్పిన అది శుద్ధ అబద్ధము. సొమ్ము రాబట్టుకొనుటకు పిన్ అక్కరలేదు.

తిరుమలకే ఇది పరిమితము కాదు. 2024 జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ జరుగుటకు కొద్ది దినములముందు, ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో సామాన్యమైన మిఠాయిలను అయోధ్య రామమందిర ప్రసాదమను పేర అమ్మజూపుచుండగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు ఇచ్చినది. నివేదనకు ముందే అమ్మకమునకు వచ్చిన ప్రసాదమది!

శ్రీమద్భాగవత దశమస్కంధమున పౌండ్రక వాసుదేవుని కథ గలదు. అతడు కృత్రిమ చక్రమును, కృత్రిమ గరుడధ్వజమును పెట్టుకొని, అసలు వాసుదేవుడను నేనే, నీవు ఆ చిహ్నములను విడిచిపెట్టుమని ద్వారకకు దూతను పంపినాడు. సభలో ఉగ్రసేనాదులు పకపక నవ్విరి. వారికి నవ్వు ఏల వచ్చినది? అసలువానితో కలిసి ఉన్నవారు గనుక. పౌండ్రకుని రాజ్యములోని వారికి నవ్వు రాలేదు. దేవస్థానపు పద్ధతులు తెలిసినవానికి నకిలీ మాట వినగానే నవ్వు వచ్చును. సర్వదర్శనమునకు రుసుము లేదని తెలిసినవానివద్ద ఉచితదర్శనపు టోకెనుకు ఎవడు సొమ్ము గుంజగలడు? కావున గ్రామములలో భజనమండలుల వారు ఏకాదశినాడు కలిసినపుడు ఈ పద్ధతులను ఒక్క పది నిమిషములు చెప్పుకొనుట మేలు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామివారి సన్నిధిలోనైనను, పాలెము వేంకటేశ్వరస్వామివారి మండపములోనైనను చెప్పుకొనవచ్చును.

పరీక్ష అవమానమను భావము ఈ ప్రాంతమునకు తగదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు తిరుపతి వేంకటకవులవంటి ఉద్దండులే వచ్చి సభలలో సమస్యలను పూరించి, అవధానములు చేసి మెప్పు పొందిరి. విద్వద్గద్వాల యని పేరుపొందిన చోట పండితుని ఉత్తరీయము చూచి సంభావన ఇచ్చెడివారు కారు, శాస్త్రమున అడిగి ఇచ్చెడివారు. నిజమైన పండితుడు ప్రశ్నకై ఎదురుచూచును. ఆలయోద్యోగి యైనను అంతే. మీ పేరేమి, మీ కార్యాలయమునకు మేమే ఫోను చేసి కనుగొందుము అనినచో నిజమైన ఉద్యోగి సంతోషించును. నకిలీవాడు అచ్చటనే కసరుకొనును. హనుమంతునికిని రావణునికిని భేదము తెలియు చోటు అదియే. భిక్షువేషమున నున్న రావణుడు అమ్మవారు నిరాకరింపగానే నిజరూపము చూపినాడు.

మోసగాని మరియొక ఆయుధము తొందర, దానితోపాటు ఏకాంతము. మారీచుడు చనిపోవుచు రామకంఠముతో హా సీతా, హా లక్ష్మణా యని అరచినాడు. ఆ కంఠము అన్నది కాదని లక్ష్మణుడు చెప్పినాడు. లేడి మాయయని మొదటనే గుర్తించినవాడు అతడే. అయినను ఆ కేక, శంకింపగల ఒక్కనిని ఇంటినుండి వెళ్లగొట్టినది. (లక్ష్మణరేఖ మాట వాల్మీకమున లేదు. ఉన్నను గీతలు కాపాడు కాలము కాదిది.) నేడు మనుష్యుల కంఠములను అనుకరించు యంత్రములు వచ్చినవి. మనుమని గొంతుకతో ఏడ్చి డబ్బు అడుగువారు ఉన్నారు. పోలీసులమని, సి.బి.ఐ. వారమని వీడియోలో కనబడి, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఎవరికిని చెప్పవలదు, ఫోను పెట్టవలదని గదిలో కూర్చుండబెట్టువారు ఉన్నారు. అట్టి అరెస్టు చట్టములో లేనే లేదు. ఎవరికిని చెప్పవద్దని ఎవడు చెప్పునో వాని మాట వినిన క్షణముననే ఇంటిలోని లక్ష్మణుని పిలువవలెను. అతడు కుమారుడు కావచ్చును, కోడలు కావచ్చును, ప్రక్కింటి బడిపంతులు కావచ్చును.

రహస్యమును చెప్పుటకు గూడ సమయమున్నది. హనుమంతుడు నమ్మదగినవాడని నిశ్చయించుకొనిన పిదపనే అమ్మవారు కాకాసురవృత్తాంతమును, తనకును స్వామికిని మాత్రమే తెలిసినదానిని, ఆనవాలుగా చెప్పి చూడామణిని ఇచ్చినది. ఆ మాట స్వామికి చేరుటకే ఉద్దేశింపబడినది. ఫోనుకు వచ్చు ఓ.టి.పి. అట్టి రహస్యమే. దేవస్థానపు పుటలో లోపలికి ప్రవేశించుటకు దానిని తానే వ్రాయుట ఒకటి, ఫోనులో అడిగినవానికి చదివి వినిపించుట మరియొకటి. రెండవది ఎన్నటికిని కూడదు.

ఇన్ని చెప్పినను మోసపోవువారు మోసపోవుచునే ఉందురు. జగన్మాతయే వేషమును చూచి భిక్ష పెట్టబూనినపుడు ఇతరులను ఏమనగలము? మోసపోయిన పిదప ఆమె చేసినది ఎక్కువ గమనింపదగినది. ఆకాశమున పోవుచునే ఎలుగెత్తి పిలిచినది. జనస్థానపు చెట్లకు, గోదావరికి చెప్పినది. జటాయువుకు చెప్పినది. పర్వతశిఖరమున ఐదుగురు వానరులు కనబడగానే నగలను ఉత్తరీయమున మూటగట్టి జారవిడిచినది. సిగ్గుపడి మౌనము వహించియున్నచో స్వామికి జాడ దొరకుట ఎట్లు?

మన ఇండ్లలో జరుగునది దీనికి విరుద్ధము. నాగర్‌కర్నూలు పల్లెనుండి హైదరాబాదుకు పనికి పోయిన కుమారుడు పంపిన సొమ్ము పోయినచో, తండ్రి వారమురోజులు ఎవరికిని చెప్పడు. నలుగురు నవ్వుదురని భయము. ఆ వారములో సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు, అచ్చటినుండి ఇంకొకదానికి మారి చేజారిపోవును. చేయవలసినది వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుట. ఇది దేశమంతటికిని ఒకటే నంబరు. సొమ్ము ఇంకను ఏదేని ఖాతాలో ఉన్నచో దానిని అచ్చటనే నిలుపుటకు అవకాశము కలుగును. గంటలు గడచినకొలది ఆ అవకాశము తగ్గును. బ్యాంకుకును అదే దినమున చెప్పవలెను. వచ్చిన సందేశములను, సొమ్ము పంపిన రసీదు సంఖ్యను చెరిపివేయరాదు, ఋష్యమూకముపై పడిన నగల మూట అదియే. కోపముతో వాట్సాప్‌ను తుడిచివేయువారు తమ సాక్ష్యమును తామే పారవేసికొందురు. "పోయిన సొమ్ము మొత్తము తెప్పించెదము, ముందు కొంత రుసుము కట్టుడ"ని పిదప వచ్చువాడు కూడ ఆ ముఠావాడే కావచ్చును.

ఇంటిలోనివారు మోసపోయిన వృద్ధుని గద్దింపరాదు. గద్దించినచో మరునాడు ఇంకొక ఫోను వచ్చినపుడు అతడు చెప్పడు.

చివరకు ఒక సందేహము మిగులును. పెద్దముత్తైదువలు దీనినే ముందుగా అడుగుదురు. బిడ్డ జబ్బు నయమైనపుడు పసుపుగుడ్డలో కట్టి దేవునిగూటిలో ఉంచిన ముడుపుసొమ్మునే కుమారుడు ఆ నకిలీ పుటలో కట్టినాడు. ఇపుడు మొక్కు తీరినట్లా, తీరనట్లా? స్వామి త్రోసిపుచ్చినాడా? త్రోసిపుచ్చుట అను మాట పొరపాటు. దొంగ దారిలో అడ్డగించినంతమాత్రమున చేరవలసినచోట నిరాకరణము జరిగినట్లు కాదు. సొమ్ము స్వామికి చేరలేదు గనుక మొక్కు నిలిచియే ఉన్నది. ఆలస్యమువలన దోషము లేదు, ఏండ్ల తరబడి ముడుపు మోసిన ఇండ్లు ఎన్నియో ఉన్నవి. అప్పు చేసి అంత మొత్తమును తిరిగి కూర్చనక్కర లేదు. హుండీవద్ద ఎవరును లెక్క అడుగరు. ఒక్క రూపాయిని మరల పసుపుగుడ్డలో కట్టి గూటిలో పెట్టి, వీలైనపుడు ఇంటివారే స్వయముగా తీసికొనిపోయి హుండీలో వేయవచ్చును. సర్వదర్శనపు వరుస పొడవైనదే గాని ఎవరికిని మూసినది కాదు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్సు రాత్రివేళ గద్వాల మీదుగానే పోవుచున్నది.